కట్ట మీదుగా వెళ్లి డొంకలో తిరిగి రావడం: కార్తీకంలో ఇద్దరికి ఆరు కిలోమీటర్ల చుట్టు నడక

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పొలాల వెంట నడవడానికి ఆశ్వయుజం, కార్తీకం రెండే రెండు మంచి నెలలు. చెరువులోకి నీళ్లు చేరుతుంటాయి, నారుమళ్లు లేస్తుంటాయి, కాలవల వెంట రెల్లు తెల్లగా పూసి ఉంటుంది, పొద్దున తొమ్మిదింటిదాకా ఎండ ఒంటికి తగలదు. చిక్కల్లా ఆ నీళ్లతోనే. ఎండాకాలంలో కాలు తడవకుండా పోయిన దారి ఇప్పుడు రెండు మూడు చోట్ల తెగి ఉంటుంది. నాలుగు కిలోమీటర్లు నడిచాక దారి తెగి కనబడితే ఆ నాలుగూ మళ్లీ వెనక్కి నడవాలి, అప్పటికి ఎండెక్కుతుంది, మంచినీళ్లు అయిపోతాయి. అందుకని బయల్దేరిన చోటికే వేరే దారిలో తిరిగి రావాలనుకునే వాళ్లు ముందు ఒక్క సంగతి చూసుకోవాలి. తెగే అవకాశం ఉన్న చోటు నడకలో మొదటి గంటలోనే రావాలి. మిగతా ఏర్పాట్లన్నీ దాని తరవాతే.

ఏ చుట్టు ఎంచుకోవాలి

చుట్టు నడక అనగానే చాలామంది చెరువు చుట్టూ తిరిగి రావాలనుకుంటారు. ఈ కాలంలో అది పొరపాటు. మన నేల పడమటి వెలిగొండల నుంచి తూర్పున సముద్రం వైపు వాలుతుంది. కాబట్టి మామూలు ఊరి చెరువుకు కట్ట తూర్పున, కొడవలి ఆకారంలో ఉంటుంది. నీళ్లు దానికి పడమర పరుచుకుంటాయి. ఆ పడమటి అంచుకు గట్టు ఉండదు. వాగులు చెరువులో కలిసేది అక్కడే, సర్కారు తుమ్మ అడవిలా పెరిగేదీ అక్కడే. వానలు పడ్డాక అంచు ఎక్కడుందో కూడా తెలియదు. గడ్డి మీద అడుగేస్తే పిక్కల దాకా దిగబడుతుంది.

అందుకని చెరువును వదిలేసి ఆయకట్టును చుట్టండి. ఊరి నుంచి కట్ట ఎక్కాలి, కట్ట మీదుగా కలుజు దాకా వెళ్లాలి. ప్రకాశం ఉత్తర భాగంలో దీన్నే అలుగు అంటారు, చెరువు నిండాక మిగులు నీళ్లు పోయే చోటు. అక్కడ కట్ట దిగి, పొలాల మధ్య డొంక, అంటే బండ్ల బాట, పట్టుకుని తారు రోడ్డుకు తేలి, రోడ్డు మీద ఊరికి చేరాలి. ఓ మోస్తరు చెరువుకు కొలతలు ఇలా వస్తాయి: ఊరి నడిబొడ్డు నుంచి కట్ట దాకా అర కిలోమీటరు, కట్ట ఒకటిన్నర, డొంక రెండున్నర నుంచి మూడు, తారు రోడ్డు ఒకటి. మొత్తం ఆరు లోపు.

కట్ట ముందా, డొంక ముందా అనేది ఇష్టాన్ని బట్టి తేల్చుకునేది కాదు. దారి తెగేది ముఖ్యంగా కలుజు దగ్గర. కలుజు లేని కొస నుంచి కట్ట ఎక్కితే నలభై నిమిషాల్లో దాన్ని చూసేస్తారు. పారుతుంటే అదే కట్ట మీద వెనక్కి వచ్చేయొచ్చు, అదీ మంచి నడకే. డొంక నుంచి మొదలుపెడితే కలుజు ఆఖరున ఎదురవుతుంది. కట్ట ముందు పెట్టుకోవడంలో ఇంకో లాభం కూడా ఉంది. పొద్దున సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, చెరువు మీద పక్షులు ఎండ పడి స్పష్టంగా కనిపిస్తాయి. సాయంత్రమైతే కంట్లోకి వెలుగు కొట్టి అన్నీ నల్లటి ఆకారాలే.

కలుజుకు ఇవతలే కట్ట దిగే బాట ఉండి, డొంక కూడా ఇటే ఉంటే ఆ చెరువు వదలకండి. దాటాల్సిన పనే ఉండదు. డొంక కలుజు వాగుకు అవతల ఉంటే వాగు దాటడానికి నేలమట్టంగా వేసిన చప్టా ఎక్కడుందో ముందే తెలుసుకోవాలి. కంభం చెరువు లాంటివాటికి ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ రెండు కొండల నడుమ పొట్టి కట్ట, వెనకంతా నీళ్లు. తీరం వైపు రొయ్యల గుంటల మధ్య కూడా చుట్టు వేయొద్దు. ఆ గట్లు సొంతానివి, ఏరేటర్లకు పోయే కరెంటు వైర్లు వాటి మీదే పడి ఉంటాయి, కాపలా కుక్కలు వదిలి ఉంటాయి.

పెన్న మీద సంగం, నెల్లూరు బ్యారేజీల నుంచి కాలవ వచ్చే చెరువులు ముందుగా నిండుతాయి. ఉదయగిరి, కనిగిరి, పామూరు వైపు వాన మీదే ఆధారపడిన చెరువులు ఆలస్యంగా నిండుతాయి, కొన్నేళ్లు నిండవు. పక్షులూ నీళ్లూ కావాలంటే మొదటివి, కాళ్లకు బురద అంటకూడదంటే రెండోవి.

డొంక ఎందుకు, గట్టు ఎందుకు వద్దు

డొంక అంటే బండ్లూ గొడ్లూ పోవడానికి ఊరుమ్మడిగా వదిలిన దారి, పోరంబోకు భూమి. అక్కడ ఎవరైనా నడవొచ్చు. గెనిమ అలా కాదు. కయ్యకూ కయ్యకూ (మడికీ మడికీ) మధ్య ఉండే ఆ గట్టు రైతు సొంతం. పైగా ఈ నెలల్లోనే గెనిమలు చెక్కి, కొత్త బురద మెత్తి, నీళ్లు నిలబెడతారు. తడి గెనిమ మీద ఒక్క మడమ గుంట పడితే రాత్రికి నీళ్లు అక్కడి నుంచే కారి, తెల్లారేసరికి గండి పడొచ్చు. పై కయ్యలో వేసిన ఎరువు కింది కయ్యలోకి పోతుంది. అడ్డదారి కోసం గెనిమ ఎక్కాలనిపిస్తే ఆ నష్టం గుర్తుకు తెచ్చుకోండి. వేరే దారి లేకపోతే పొలంలో ఉన్నవాళ్లను అడిగి, వాళ్లు చూపిన గట్టు మీదే పోండి.

ఫోన్‌లో ఉపగ్రహ పటం చూసి డొంక గీత కనబడింది కదా అని నమ్మేయకండి. ఆ బొమ్మ చాలాసార్లు ఎండాకాలంలో తీసింది. అప్పుడు తెల్లగా కనిపించిన బాట ఇప్పుడు నీళ్ల కింద ఉండొచ్చు, లేదా ఎవరో దున్ని కలిపేసుకుని ఉండొచ్చు. గ్రామ సచివాలయంలో సర్వేయర్‌ని అడిగితే డొంక ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఊరి పటంలో చూపిస్తారు. నీళ్ల సంగతికి మాత్రం మనిషినే అడగాలి. చెరువు నీళ్లు పొలాలకు వదిలే తూములు చూసుకునే లస్కరు, గొడ్లు తోలుకుపోయేవాళ్లు, టీకొట్టు దగ్గర కూర్చున్న పెద్దవాళ్లు, వీళ్లకు తెలిసినంత పటానికి తెలియదు. ‘దారి బాగుందా’ అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. ‘అన్నా, కలుజు పారతా ఉండాదా? నిన్న ఆ డొంకలో ట్రాక్టరు పోయిందా?’ అని అడగండి. పోయిందంటే గట్టి నేల, కానీ చక్రాల గాళ్లలో నీళ్లు నిలిచి ఉంటాయి, నడుమ గడ్డి మీద నడవాలి. పోలేదంటే ఆ రోజుకు డొంక మానేయడమే మేలు.

రోజు ఎంచుకోవడం

ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు 20 ప్రాంతాల్లో మొదలవుతాయి. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా వీటిలోనే కురుస్తుంది. అంటే కార్తీకంలో నడవాలంటే ఒక అల్పపీడనానికీ ఇంకో అల్పపీడనానికీ మధ్య దొరికే తెరిపి రోజులే మనవి. వాన వెలిసిన మర్నాడే బయల్దేరకండి. ఎర్రనేల, గరప నేలల్లో ఒక పూట ఆగితే చాలు. వరి కయ్యల మధ్య జిగట నేలకు రెండు రోజులు కావాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడికి మూడు రోజులైనా ఆగాలి, లేకపోతే అడుగడుక్కీ చెప్పుకు అరకిలో మట్టి అంటుకుని మోకాళ్లు లాగేస్తాయి. ఇంకో సంగతి, మీ ఊళ్లో వాన ఆగినా కలుజు ఆగదు. పై చెరువులు నిండి వాటి కలుజుల నీళ్లు కింది చెరువుకు చేరడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఆకాశం తేటగా ఉన్న రోజునే కలుజు ఉధృతంగా పారడం చూసి కొత్తవాళ్లు తికమకపడేది ఇందుకే.

పొద్దున నడకే మంచిది. నవంబరు మొదట్లో నెల్లూరులో సుమారు 6.10కి పొద్దు పొడుస్తుంది, 5.40కే కుంకుతుంది. సాయంత్రం నాలుగింటికి బయల్దేరితే చివరి కిలోమీటరు మునిమాపు వేళలో పడుతుంది, పాములు కదిలే వేళ అదే. ఉరుములూ మధ్యాహ్నం దాటాకే ఎక్కువ. అలాగని చీకటితోనే బయల్దేరొద్దు. అడవిపందుల కోసం కొందరు చేల చుట్టూ పిక్కల ఎత్తున తీగ కట్టి రాత్రిపూట కరెంటు పెడుతున్నారు. అది చట్టవిరుద్ధం, ప్రాణాలు పోతున్నాయి. బాట, దాని పక్కన ఏముందీ స్పష్టంగా కనిపించేంత వెలుగు వచ్చాకే ఊరు దాటండి. వెలుగొచ్చాక కూడా చేను అంచున తీగ కనబడితే కరెంటు తీసేసి ఉంటారులే అనుకోకుండా దూరంగానే పోండి.

వెంట ఏముండాలి

హవాయి చెప్పులు వద్దు, బురద వాటిని పట్టుకుని వదలదు, తెగి చేతిలోకి వస్తాయి. వెనక పట్టీ ఉన్న శాండల్స్ గానీ పాత కాన్వాస్ బూట్లు గానీ సరిపోతాయి. కొత్త బూట్లు పాడైపోతాయి. ఉత్త కాళ్లతో ఎంత అలవాటున్నా ఈ కాలంలో నడవకండి. తుమ్మముళ్లు ఒక కారణం, ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీళ్ల నుంచి పుండ్ల ద్వారా వచ్చే ఎలుక జ్వరం ఇంకో కారణం. కాలికి మానని గాయం ఉంటే నడక వాయిదా వేసుకోండి.

మనిషికో కర్ర, నాలుగు నాలుగున్నర అడుగులది, బొటనవేలంత లావు వెదురు. దాంతో పనులు మూడు: ముందు గడ్డి తట్టడానికి, బురద లోతు చూడటానికి, కట్ట దిగేటప్పుడు ఆనుకోవడానికి. మనిషికి లీటరు నీళ్లు. తినడానికి బొరుగులు, వేయించిన వేరుశనక్కాయలు, చిన్న బెల్లం ముక్క. బరువుండవు, చెమటకు పాడవవు. పులిహోర కట్టుకుంటే కూర్చునే చోటు వెతుక్కోవాలి, అది వనభోజనానికి బాగుంటుంది. ఫోన్లు రెండూ ప్లాస్టిక్ కవర్లో, ఒక తువ్వాలు, రెండు పాత గుడ్డ ముక్కలు. ఇంట్లో ఒకరికి ఏ చెరువో, ఏ డొంకో, ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి బయల్దేరండి.

నడక

పొద్దున 6.20కి ఊళ్లో మొదలుపెట్టారనుకుందాం. కట్ట ఎక్కేది అమ్మవారి గుడి పక్కన మెట్ల మీదుగానో, తూము దగ్గర ర్యాంపు మీదుగానో అయి ఉంటుంది. అడ్డంగా వాలు ఎక్కకండి. బయటి వాలు మట్టిది, తడిసి జారుతుంది, మీ అడుగులకు కోసుకుపోతుంది కూడా. పైకి చేరాక నడుమ నడవండి, అంచులు మెత్తబడి ఉంటాయి. కట్ట మీద గంటకు మూడు కిలోమీటర్ల కన్నా వేగం వద్దు, ఇక్కడ చూడాల్సినవి చాలా ఉన్నాయి.

నీళ్ల వైపు రాతి పేర్పు మీద లకుముకి పిట్టలు, లోతు తక్కువ చోట కొంగలు, దూరంగా గూడబాతులు. పొలాల వైపు, దున్ని నీళ్లు పెట్టిన కయ్యల్లో నత్తగుల్ల కొంగలు గుంపుగా దిగుతాయి. ముక్కు రెండు కొసలూ కలిసి నడుమ సందు కనిపిస్తుంది, అదే గుర్తు. తాటిచెట్లకు గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. పక్షులు ఎగిరిపోకుండా చూడాలంటే ఇద్దరూ ఆకాశం నేపథ్యంగా కట్ట మీద నిలబడకుండా, తూము గోడ చాటున కూర్చుని పది నిమిషాలు మాట్లాడకుండా ఉండండి. లేచిన గుంపు మళ్లీ వాలుతుంది.

కట్ట బయటి వాలు మీద ఓ కన్ను వేయండి. ఎండిన గడ్డి మధ్య ఒక్క చోటే పచ్చగా, చెమ్మగా ఉంటే ఊట ఉన్నట్టు. నీళ్లు తేటగా చెమర్చడం మామూలే, మట్టి రంగుతో కారుతుంటే కట్ట లోపల కోసుకుపోతోందని అర్థం. ఎండ్రకాయ బొరియలూ ఎలుక బొక్కలూ దీనికి దారి తీస్తాయి. ఉదయగిరి నుంచి ఏలిన భాస్కర భవదూరుడు 1369లో కడప వైపు పోరుమామిళ్లలో వేయించిన చెరువు శాసనం, చెరువుకు ఉండకూడని ఆరు దోషాల్లో కట్ట నుంచి నీరు కారడాన్ని కూడా లెక్కించింది. రంగు నీళ్లు కారడం చూస్తే ఫోటో తీసి, తూము నుంచి ఎన్ని అడుగుల దూరమో చెప్పి ఆ రోజే సచివాలయంలోనో లస్కరుకో తెలియజేయండి. నడిచేవాళ్లు ఊరికి చేయగల పెద్ద ఉపకారం ఇది.

గొడ్లు ఎదురైతే పొలం వైపు జరిగి నిలబడండి. బర్రెలు నీళ్ల వైపే మొగ్గుతాయి, వాటికీ నీళ్లకూ మధ్య నిలబడితే తోసేస్తాయి. గొర్రెల మంద కుక్కలు మొరిగితే ఆగి, కర్ర నేలకు ఆనించి ఉంచండి. పరిగెత్తినా కర్ర ఎత్తినా మీద పడతాయి. కాపరి ఒక్క కేక వేస్తే చాలు.

ఏడు గంటలకల్లా కలుజు దగ్గర ఉంటారు. నిర్ణయం ఇక్కడే. రాతి కట్టడం పొడిగా ఉంటే దాటొచ్చు. తడిగా, ఆకుపచ్చగా ఉంటే పాచి, ఏ చెప్పులూ ఆగవు, కిందికి దిగి చప్టా మీదుగా పోండి. పైనుంచి పలచటి పొరలా నీళ్లు పారుతున్నా కలుజు గోడ మీద కాలు పెట్టకండి. చప్టా దగ్గర నీళ్లు చీలమండ కిందే ఉండి, తేటగా ఉండి, అడుగున రాళ్లు కనిపిస్తుంటేనే దాటండి. రంగు నీళ్లయితే ఎంత తక్కువ అనిపించినా వెనక్కి తిరగండి, కింద చప్టా కొట్టుకుపోయిందో లేదో పైకి తెలియదు. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు కట్ట కిందే కోసుకుపోయింది, ఊరి చప్టా ఎంత? ఇద్దరిలో ఒకరు వద్దంటే రెండోవారు ఒప్పించే ప్రయత్నం చేయకూడదు. ఈ మాట ఇంటి దగ్గరే అనుకుని రావాలి, నీళ్ల ముందు నిలబడి వాదించుకోకూడదు.

డొంకలోకి దిగాక వేగం గంటకు రెండు, రెండున్నర కిలోమీటర్లకు పడిపోతుంది. వెడల్పున్న చోట పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకోవచ్చు. రెండు పక్కలా గడ్డి ముసిరిన చోట ఒకరి వెనక ఒకరు, నాలుగైదు అడుగుల ఎడంతో నడవండి. ముందున్నవారు కర్రతో తడుతూ పోవాలి. అరగంటకోసారి మారండి, కాలి కింద చూస్తూ నడవడం అలసట. తూము కాలవలు డొంకను దాటే చోట గొట్టాలు పగిలి నీళ్లు దారి మీదికి వస్తాయి. కర్ర గుచ్చి చూడండి, అడుగు లోతుకే గట్టి నేల తగిలితే నిదానంగా దాటొచ్చు. అంతకన్నా దిగితే కాలవ వెంట కొంచెం పైకి వెళ్తే తాటి మొద్దు వంతెనో సిమెంటు పలకో ఉంటుంది. మొద్దు తడిగా ఉంటే ఒక్కొక్కరే, పక్కకు అడుగులు వేస్తూ.

ఏడున్నర నుంచి నాట్లకు వచ్చేవాళ్లు డొంకలో కనబడతారు. ఆడవాళ్లిద్దరే నడిచేటప్పుడు డొంక భాగం ఈ వేళకు పడేలా చూసుకుంటే చుట్టూ మనుషులుంటారు. నాట్లు వేస్తున్నవాళ్ల ఫోటోలు అడగకుండా తీయకండి.

మొత్తం లెక్క: ఊరి నుంచి కలుజుకు నలభై నిమిషాలు, అక్కడా తూము దగ్గరా కలిపి ఇరవై, డొంక గంటా పావు, రోడ్డు పావుగంట. అంటే రెండున్నర గంటలు. తొమ్మిది లోపు బస్టాండు దగ్గర కారం దోసె తింటూ ఉండొచ్చు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు తోడు వస్తుంటే కట్ట మీద పోయి రావడంతో ఆపేయండి, డొంక బురదలోంచి కాలు లాగడమే మోకాలికి కష్టం.

పాము, పిడుగు, తీగ

రక్తపింజరి కుక్కర్ ఆవిరి వదిలినట్టు పెద్దగా బుసకొడుతుంది. వినిపిస్తే కదలకుండా నిలబడి, ఎక్కడుందో చూసి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి పోండి. కట్లపాము చప్పుడు చేయదు, కాటు నొప్పి కూడా సరిగ్గా తెలియదు. అందుకే తూము గోడల మీద, రాళ్ల సందుల్లో చూడకుండా చేయి పెట్టకూడదు. కాటు పడితే గాయం కోయకండి, నోటితో పీల్చకండి, బిగించి కట్టకండి. ఉంగరాలు, కడియాలు తీసేయండి, వాపు వస్తే తరవాత రావు. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా గుడ్డముక్కలతో కర్రకు వదులుగా కట్టి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి. కాటు పడ్డవారిని నడిపించకండి. దగ్గర్లో ట్రాక్టరో మోటారు సైకిలో ఉంటే పిలవడం రెండోవారి పని. మంత్రం వేసేవారి దగ్గర పోగొట్టుకునే అరగంట చాలా విలువైనది. పామును చంపి పట్టుకెళ్లాల్సిన అవసరం లేదు.

మెరుపు కనిపించాక 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. కట్ట మీద ఉంటే వెంటనే దిగండి, చుట్టుపక్కల ఎత్తైన చోటు అదే. తాటిచెట్టు కిందికి పోకండి. పక్కా కప్పున్న గుడో బడో చేరండి. ఏదీ దొరక్కపోతే చెట్లకు దూరంగా పల్లపు చోట, నీళ్లు నిలవని నేల మీద కాళ్లు దగ్గర పెట్టుకుని ఇద్దరూ విడివిడిగా గొంతుక్కూర్చోండి.

తెగిపడిన కరెంటు తీగ కనిపిస్తే దానికి పది మీటర్ల లోపలికి పోవద్దు, తడి నేలలో కరెంటు పాకుతుంది. లైన్‌మన్‌కు చెప్పించండి, ఆ వైపు వచ్చే పొలం పనివాళ్లను కేక వేసి ఆపండి.

తిరిగొచ్చాక బోరింగు దగ్గర కాళ్లు సబ్బుతో కడుక్కుని వేళ్ల సందులు తుడుచుకోండి. బూట్లకు అంటిన మట్టి ఎండకముందే గీకేయండి, రేగడి ఎండితే రాయిలా బిగుస్తుంది. లోపల కాగితాలు కుక్కి నీడలో పెట్టండి. తూము దగ్గర రాతి మెట్లు ఎన్ని నీళ్ల పైన ఉన్నాయో ఆ రోజు లెక్కపెట్టి తేదీతో సహా రాసుకుని ఉంటే, వచ్చే వానకు ముందు ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి ‘ఇప్పుడెన్ని మెట్లు ఉండాయి?’ అని అడిగితే చాలు, కలుజు పారుతుందో లేదో ఇంట్లోనే ఓ అంచనాకు రావచ్చు.